ఇంకా తాగుతోందండీ

ఇషాక్ భాయ్‌కి గేరు ఆయిలు జబ్బుంది. షుగరూ ఉంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి గానీ, వాటిని ఆయన పట్టించుకోడు.

వినుకొండకీ దర్శికీ మధ్య మా పల్లెల్లో మిగిలిన ఒకే ఒక్క పాత చైను ట్రాక్టరుకి ఆయన డ్రైవరు. చక్రాల మీద కాదు, ఇనుప పట్టాల మీద పాకే బండి అది. తనకంటే రెండేళ్లు పెద్దదని దాన్ని 'ఆపా' అంటాడు, అక్కని పిలిచినట్టు. ఆపా అడుగు వేయాలంటే ముందు గేరు పెట్టెలో ఆయిలు చూడాల్సిందే.

చూడటమంటే తొంగి చూడటం కాదు. బండిని సమంగా ఉన్న నేల మీదికి తేవాలి. కుదుపులకి లేచిన ఆయిలు అడుక్కి దిగేదాకా ఆగాలి. ప్లగ్గు చుట్టూ దుమ్ముని పాత పళ్ల బ్రష్షుతో తోమాలి. ఆయన పళ్లకి కూడా అంత తోముడు పడదు. తర్వాత పక్కనున్న లెవెల్ ప్లగ్గు విప్పి, పైనుంచి గరాటుతో పోస్తూ కూర్చోవాలి. పాకంలాంటి ఆ ఆయిలు నిండితే పక్క రంధ్రంలోంచి ఒక బొట్టు బయటికొస్తుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, ఇనుప రజను తగులుతుందేమోనని కళ్లు మూసుకుని, వాసన చూసి, అప్పుడు "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" రావడానికి అరగంట.

జబ్బు బండి దగ్గరే ఆగితే బాగుండేది. పెళ్లి భోజనాల్లో సాంబారు వేళ్ల మధ్య నలిపి, "రజనేం లేదు, తినొచ్చు" అని బంతి మొత్తానికీ హామీ ఇస్తాడు. డాక్టరు బీపీ చూడబోతే, కుర్చీ వాలుగా ఉంది, లెక్క తప్పొస్తుందని లేచి నిలబడ్డాడు. టీ ఇస్తే నలకలు అడుక్కి దిగేదాకా తాగడట. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నన్నింత శ్రద్ధగా ఒక్కసారి చూళ్లేదు" అని ఆయన భార్య షాజాదీ గారు మా ఆవిడ దగ్గర వాపోయింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మనిషి అబద్ధమాడడు. ఆడితే బండి స్టార్టవదని ఆయన నమ్మకం.

నాది వ్యవసాయ కూలీల సంఘం. ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. అవన్నీ ఇరవై రెండేళ్లుగా పరిశీలనలో ఉన్నాయి. ఈ వేసవిలో రాసినవి వీరాంజనేయులు గారి పొలం గురించి. మిరప వేయడానికి ఆయన పన్నెండెకరాల తుమ్మకంప కొట్టిస్తున్నాడు. ముందు ఆపా వేళ్లు పెకలిస్తుంటే, వెనకాల ఎనిమిది మంది ఆడవాళ్లు నడుములు వంచి రాళ్లూ మొదళ్లూ ఏరాలి. పైన మే నెల ఎండ. మధ్యలో పది నిమిషాలు కూర్చోనివ్వమని అడిగితే ఆయన జవాబు ఒకటే: "బండి నడిచినంతసేపూ మనిషి నడవాల్సిందే. బండి ఆగితే ఆగండి, నేనొద్దన్నానా?"

ఆ ఎనిమిది మందిలో సంతోషకుమారికి నాలుగు నెలల పాప. గట్టు మీది వేపచెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. మొదట్లో పాలిద్దామంటే బండి ఆగేది కాదు. బిడ్డ ఏడుపు చెట్టుకింద, తల్లి రాళ్ల మధ్య. నాలుగు అర్జీలు ఇచ్చాను. ఐదోదానికి సంతకాల కోసం ఒకరోజు పదిన్నరకి పొలానికి వెళ్లాను. ఈ దేశంలో కాగితం కంటే నెమ్మదిగా నడిచేది చైను ట్రాక్టరు ఒక్కటేననుకుంటూ వెళ్లాను. అదీ తప్పేనని అక్కడ తెలిసింది.

నేను కాగితం తీయబోతే, వాళ్లలో పెద్దది సుబ్బరావమ్మ, "సంతకాలు తర్వాత సారూ, ఆయిలు చూసే టయిమైంది" అంటూ వేపచెట్టు వైపు నడిచింది. వెనకే ఆపా కూడా పాక్కుంటూ వచ్చి నీడలో ఆగింది. పన్నెండెకరాల్లో లెవెల్‌గా ఉన్న నేల అదొక్కటేనని సుబ్బరావమ్మ చెప్పింది.

అప్పుడే వీరాంజనేయులు గారు కారు దిగాడు. చేతిలో తాపీమేస్త్రీ రసమట్టం. పొలం నడిమధ్యకి వెళ్లి, దాన్ని నేల మీద పెట్టి, అందర్నీ పిలిచి చూపించాడు. బుడగ సరిగ్గా గీతల మధ్య కూర్చుంది.

"ఏం ఇషాకూ, ఇదీ లెవెలేగా? రోజుకి రెండుసార్లు ఆ చెట్టు దాకా పోవడమెందుకు?"

సంతోషకుమారి ఉయ్యాల దగ్గర నిలబడిపోయింది.

ఇషాక్ భాయ్ రసమట్టాన్ని అటుతిప్పీ ఇటుతిప్పీ చూశాడు. "నేల లెవెలేనయ్యా. ఎండ లెవెలు కాదు. వేడికి ఆయిలు పొంగిద్ది, తప్పు చూపిద్ది. పోయినేడు పక్కూళ్లో బండి గేర్లు ఎట్టా విరిగాయి?"

పక్కూరి బండికి సామాను దొరక్క, అందులో ఇప్పుడు కోళ్లు పొదుగుతున్నాయి. వీరాంజనేయులు గారు రసమట్టం చంకన పెట్టుకుని, వెళ్లి కారులో ఏసీ వేసుకున్నాడు.

ఇషాక్ భాయ్ ఆడవాళ్లకి వీపు పెట్టి, గేరు పెట్టెకి ఎదురుగా కూర్చున్నాడు. లెవెల్ ప్లగ్గు విప్పగానే బొట్టు బయటికొచ్చింది. అంటే ఆయిలు నిండుగా ఉంది. పక్కనే ఉన్న డబ్బా సీలు కూడా తీయలేదు. అయినా ఆయన కూర్చునే ఉన్నాడు.

పావుగంటకి కారు అద్దం దిగింది. "ఇంకా తాగుతోందా?"

ఇషాక్ భాయ్ తల తిప్పకుండానే మెల్లగా అడిగాడు. "అమ్మా, సుబ్బరావమ్మా?"

సుబ్బరావమ్మ సంతోషకుమారి ఒడిలోకి చూసింది. "తాగుతోంది భాయ్."

"ఇంకా తాగుతోందండీ," అని ఆయన గట్టిగా చెప్పాడు.

అద్దం ఎక్కింది. మళ్లీ పది నిమిషాలకి దిగింది. ఈసారి పాప తల్లి భుజం మీద త్రేన్చింది.

"నిండిందంట అయ్యా," అని ప్లగ్గు బిగించి, "ఊఁ" అన్నాడు.

ఒక్క అబద్ధం లేదు. అందుకే కాబోలు ఆపా ఒక్క దెబ్బకే స్టార్టయింది. నాలుగు అర్జీలతో నేను తేలేని అరగంటని, రోజుకి రెండుసార్లు, ఈయన పళ్ల బ్రష్షుతో తెస్తున్నాడు. సిగ్గుపడాలో నవ్వాలో తెలియక కాగితం ముందుకు చాచాను. ఒక ముసలాయన జబ్బు మీద ఎనిమిది మంది విశ్రాంతి నడవకూడదు కదా, సంతకం పెట్టమన్నాను.

ఆయన కాగితాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. "ఇదెక్కడ కదులుద్ది కామ్రేడూ, పొడిగా ఉంది," అంటూ ఆయిలు బొటనవేలు నొక్కి ఇచ్చాడు.

అర్జీ ఇవ్వబోతే మండలాఫీసులో గుమాస్తా ఆ నల్ల మరక చూసి మొహం చిట్లించాడు. ఇదేమిటని అడిగాడు.

"సంతకమండీ. లెవెల్ చూసి వేసిందే."