గొట్టం చివర మా బావ చెవి

మా బావకు చెవుడు వచ్చిందని మా అక్కకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళింటి ప్రెషర్ కుక్కరుకు తెలుసు. ఆయనకు తెలుసో లేదో మాత్రం చాలాకాలం మాకు తెలియలేదు. కుక్కరు పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటాడు. అది ఎన్ని విజిల్స్ వేసినా తల ఎత్తడు. అక్క పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసి, "పక్కనే ఉండి ఆపలేవా" అని విసుక్కుంటే, "ఆపమని నువ్వు చెప్పలేదుగా" అంటాడు. లావు గొంతుతో మాట్లాడేవాళ్ళ మాట బాగానే వినపడుతుంది. సన్న చప్పుళ్ళే పోయాయి.

వేరే ఎవరికైనా అయితే ఇది పెద్ద విషయం కాదు. వయసు మీద పడ్డాక ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, నాకు జుట్టు పోయింది. కానీ మా బావ సంసారమంతా ఆ చెవుల మీదే నడిచింది. ఆయన కార్ల మెకానిక్కు. ఒకే రేకుల షెడ్డులో ఇద్దరం పని చేస్తాం. లోపలి ఇంజను ఆయనది, పైన రేకు నాది. సొట్టలు తీస్తాను, పుట్టీ పెడతాను, రంగు కొడతాను. పని నేర్చుకునే రోజుల్లోనే, బానెట్ ఎత్తకుండా, నడుస్తున్న బండి పక్కన నిలబడి జబ్బు ఎక్కడుందో చెప్పేవాడట. పెళ్ళి మాటలకు మా ఇంటికి వచ్చిన మొదటిరోజు మా అక్కను సరిగా చూడనైనా చూడకుండా, పైన తిరుగుతున్న ఫ్యానుకు బేరింగు పోయిందని మా నాన్నతో చెప్పాడు. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి దెప్పుతుంది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పని ముగిశాక బావ ఇంజను స్టార్టు చేయించి, మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించుకుంటాడు. రెండో కొసను ఇంజను మీద నెమ్మదిగా తిప్పుతూ, కళ్ళు మూసుకుని వింటాడు. ఎక్కడ కాస్త గాలి లీకైనా అందులో తెలిసిపోతుంది. అంతసేపూ ఎవరూ చప్పుడు చేయకూడదు. నేను సుత్తి ఆపేస్తాను. బండి ఓనరు ఫోనులో మాట్లాడుతుంటే బయటికి వెళ్ళిపోతాడు. మిగతా మెకానిక్కులు సబ్బునీళ్ళు చల్లి బుడగలొస్తాయేమో చూసుకుంటారు. "సబ్బునీళ్ళు బట్టలకి" అంటాడు మా బావ. చివరికి గొట్టం తీసి తల ఊపితే పని అయిపోయినట్టు. ఆ తల ఊపు కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు.

చెవులు పోయినా పద్ధతి పోలేదు. ఆయన గొట్టం పెట్టుకుంటాడు, నేను సుత్తి ఆపి చెవులు రిక్కిస్తాను. అంతా బాగుంటే మళ్ళీ నా సుత్తి అందుకుంటాను. ఎక్కడైనా సన్నగా 'స్స్' మంటే, పానా కావాలనే వంకతో బానెట్ దగ్గరికి వెళ్ళి, ఆయన అటు తిరగ్గానే ఆ క్లిప్పు బిగించి వచ్చేస్తాను. ఇది నాకు ఎవరూ అప్పజెప్పలేదు. అయినా, నా పని నేను చేసుకుంటూ ఇంకొకరి చెవులు కూడా మోయడం ఎంత నీరసమో మోసినవాడికే తెలుస్తుంది. సాయంత్రమయ్యేసరికి చేతులకంటే ముందు బుర్ర లాగేస్తుంది. ఇంటికెళ్ళి ఎవరైనా పలకరిస్తే కరిచినంత పని చేస్తాను. బావంటే ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నంత మాత్రాన అలసట రాకుండా పోదు.

ఇలా ఉండగా నాకు ఒక పెద్ద సర్వీసు సెంటరులో, రంగులు వేసే విభాగంలో ఉద్యోగం ఖాయమైంది. దుమ్ము లాగేసే పంకాలు, ముఖానికి మాస్కు, వారానికో సెలవు. పుట్టీ గీకిన దుమ్ము ఏళ్ళ తరబడి మింగి మింగి నా దగ్గు ఇప్పుడు వీధి చివరికి వినపడుతోంది. మా బావకు కూడా అది బాగానే వినపడుతుంది. ఒకటో తారీఖున చేరాలి. అక్కకు చెప్పాను, బావకు చెప్పలేదు. నేను వెళ్ళిన కొన్నాళ్ళకే ఏదో ఒక బండి లీకుతో బయటికి పోతుంది, ఓనరు తిట్టుకుంటూ తిరిగొస్తాడు, ఆయన చెవుల సంగతి వీధిన పడుతుంది. అంత పేరున్న మనిషి నలుగురి నోళ్ళలో నానడం చూడలేను. అలాగని ఆ ఉద్యోగం వదులుకోనూ లేను. రోజులు నెట్టుకొస్తున్నాను.

అప్పుడు వచ్చాడు పళ్ళ డాక్టరు, ఒక టర్బో కారు వేసుకుని, చేతిలో చిన్న డబ్బా పట్టుకుని. కారుతో వచ్చిన ప్లాస్టిక్ బైపాస్ వాల్వ్ లోపల రబ్బరు పొర చిరిగి, బండి ఎత్తు రోడ్డు ఎక్కలేక ఈడుస్తోంది. దాని బదులు బయట దొరికే అల్యూమినియం వాల్వ్ కొనుక్కొచ్చాడు. తళతళలాడుతోంది. మనిషి మెత్తన, మాట నెమ్మది. ఇది ఏం చేస్తుందని ఆయన అడిగిందాన్ని నేను బావ వైపు తిరిగి గట్టిగా మళ్ళీ అనాల్సి వచ్చింది.

"టర్బో అంటే ఇంజనులోకి గాలి కుక్కే పంకా అండీ," అన్నాడు బావ. "మీరు యాక్సిలేటర్ మీంచి కాలు తీస్తే ఇంజను తలుపు మూసుకుంటుంది. కుక్కిన గాలికి పోయే దారి లేక వెనక్కొచ్చి పంకానే కొడుతుంది. ఈ వాల్వ్ అప్పుడు తెరుచుకుని దానికి పక్కదారి చూపిస్తుంది. ఇంతే దీని గొప్ప."

"ఆ గాలి బయటికి వదిలేలా పెడితే తుస్సుమని మంచి సౌండ్ వస్తుందట కదా మేస్త్రీ?"

ఆ మాట నేను బావకు అందించాను. బావ నిట్టూర్చాడు. "వస్తుంది. కానీ ఆ గాలిని బండి ముందే కొలిచి లెక్కేసుకుంటుందండీ. లెక్కలో ఉన్నది బయటికి పోతే సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు వెనక బండ్లవాళ్ళు చేసే సౌండ్ ఇంకా బాగుంటుంది."

డాక్టరు నవ్వి, గాలి మళ్ళీ లోపలికే వెళ్ళేలా పెట్టమన్నాడు.

పని పొద్దున్నే మొదలైంది. పాత వాల్వ్ ఎక్కడో అడుగున, బంపరు వెనక ఉంటుంది. బావ అట్టముక్క పరుచుకుని కిందికి దూరాడు. ఒక బోల్టు తుప్పుపట్టి మొండికేసింది. దాన్ని తిట్టి, నూనె పోసి, బతిమాలి, మళ్ళీ తిట్టి ఊడదీశాడు. లేచేటప్పుడు టైరు పట్టుకుని లేచాడు. కొత్త వాల్వ్ బిగించి, లావు గొట్టాలకు క్లిప్పులు వేసి, చివర్న వాల్వ్ తలకు వెళ్ళే సన్న గొట్టం తొడిగాడు. ఎప్పుడు తెరుచుకోవాలో వాల్వ్‌కు చెప్పేది ఆ సన్న గొట్టమే. వేడికి అది కర్రలా గట్టిపడి ఉంది. కొత్త వాల్వ్ మూతి పాతదానికంటే కాస్త లావు. ఆయన గట్టిగా నొక్కి తొడిగాడు.

తర్వాత డాక్టరును సీట్లో కూర్చోబెట్టి, యాక్సిలేటర్ తొక్కించి ఇంజను రైజ్ చేయించాడు. కాలు తీసినప్పుడల్లా లావు గొట్టం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. మొదట గొట్టం లోపల దడదడమని అదురుతోంది, స్ప్రింగు బిగువు ఎక్కువైంది. వదులు చేసి మళ్ళీ రైజ్ చేయించాడు. అదురు ఆగిపోయింది. ఆ పనికి చెవులు అక్కర్లేదు. దాన్ని అంత చక్కగా చేసేవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు. నాకు కాస్త ఊపిరాడింది.

అప్పుడు గొట్టం తీసుకున్నాడు. నేను ఇంకో బండి తలుపు సొట్ట కొడుతున్నవాణ్ణి సుత్తి ఆపాను. డాక్టరు దిగి, చేతులు కట్టుకుని బానెట్ పక్కన నిలబడ్డాడు. బావ కళ్ళు మూసుకున్నాడు.

నేనున్న చోటికే వినపడింది. సన్నగా, ఆగకుండా, 'స్స్' మని. ఆ సన్న గొట్టం కొస పగిలింది. క్లిప్పు బిగిస్తే పోయేది కాదు, గొట్టమే మార్చాలి. డాక్టరు బానెట్‌ను అంటుకుని నిలబడ్డాడు కాబట్టి పానా వంక కూడా పనికిరాదు. ఏం చేయాలో తోచక సుత్తి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

బావ గొట్టం ఇంజనంతా తిరిగొచ్చింది. అయినా ఆయన తల ఊపలేదు. కళ్ళు తెరవలేదు. అలాగే వంగి ఉన్నాడు, నడుము నొప్పి పుట్టేంతసేపు. తర్వాత ఒక కన్ను తెరిచి చూశాడు. ఇంజను వైపు కాదు, నా సుత్తి వైపు.

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ నా సుత్తి మోగాకే ఆయన తల ఊపుతున్నాడు. సుత్తి మోగకపోతే పని బాగా లేనట్టు. నేను వంక పెట్టుకుని వస్తే అటు తిరగడం కూడా కావాలని తిరిగిందే. మొదట ఒళ్ళు మండింది. ఈయన కోసం నేను దొంగలా తిరుగుతుంటే ఈయన నాకు దారి ఇస్తూ ఊరుకున్నాడా అనిపించింది. ఆ వెంటనే, రోజూ ఆ గొట్టం పట్టుకుని ఎంత భయంతో నిలబడ్డాడో తలుచుకుంటే ఆ మంట చల్లారింది.

బావ నడుము నిలబెట్టి, "ఎక్కడరా?" అన్నాడు.

"ఏంటి బావా?"

"నాటకాలొద్దు. ఎక్కడ లీకవుతోంది?"

"సన్న పైపు. వాల్వ్ తల దగ్గర."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "విన్నది మీరు కదా మేస్త్రీ?"

ఆ మాట నేను మళ్ళీ గట్టిగా అనాల్సిన అవసరం రాలేదు. ఆయన ముఖం చూసే బావకు తెలిసిపోయింది.

"నేను వినలేదండీ డాక్టరుగారూ. నాకు సన్న సౌండ్లు వినపడవు, చాన్నాళ్ళయింది. వినేది మా బామ్మర్ది. నేను ఊరికే గొట్టం పట్టుకుంటాను. గట్టిపడిన పైపు వాడకుండా ఉండాల్సింది, తప్పు నాదే. కొత్తది వేస్తాను."

డాక్టరు కట్టుకున్న చేతులు విప్పాడు. తర్వాత గొంతు కాస్త పెంచి, "నాదీ రోజంతా డ్రిల్లు పక్కనే బతుకు మేస్త్రీ," అన్నాడు. "ఎడమవైపు నుంచి ఎవరేం చెప్పినా రెండుసార్లు అడుగుతాను." అని బయట బల్ల మీద కూర్చున్నాడు.

కొత్త పైపు వేశాక బావ గొట్టం నా చేతికిచ్చాడు. విన్నాను. ఏమీ లేదని చెప్పాను. డాక్టరు బండి ఎక్కుతూ, ఈసారి సర్వీసుకు ఎవరికి ఫోన్ చేయాలని అడిగాడు.

"నాకే చెయ్యండి," అన్నాడు బావ. "వీడు ఒకటో తారీఖు నుంచి ఇక్కడ ఉండడు."

బండి వెళ్ళిపోయింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"అక్క చెప్పిందా?" అన్నాను గట్టిగా.

"మీ అక్క కడుపులో మాట ఎప్పుడు దాగింది?"

"నేను పోతే బండ్లు ఎలా చూస్తావు?"

"సబ్బునీళ్ళు చల్లుకుంటాను. వినపడదని వచ్చినవాడికి ముందే చెప్తాను. ఇష్టమైనవాడు బండి ఇస్తాడు, లేనివాడు పోతాడు. ఇవాళ ఒకడికి చెప్పి చూశాగా, చచ్చిపోలేదు. నువ్వు ముందు ఆ దగ్గు సంగతి చూసుకో."

అని అటు తిరిగి పానాలు తుడుచుకోసాగాడు. మెడ మీద చొక్కా చెమటకు అంటుకుపోయి ఉంది. ఈ నాలుగు మాటలు అనడానికి ఆయన ఎన్నాళ్ళు తనలో తాను నలిగాడో నాకు తెలుస్తూనే ఉంది.

"నేను వెళ్ళనులే బావా," అన్నాను, నాకే సరిగా వినపడనంత మెల్లగా.

ఆయన పానాలు తుడవడం అయ్యాక వెనక్కి తిరిగాడు. నా ముఖం చూసి, "ఏమన్నా అన్నావా?" అని అడిగాడు.

రెండోసారి అనడానికి నాకు నోరు రాలేదు.