మూడో మెట్టు

మంథనిలో ఆదివారం పూట పాత ఊరు తిప్పి చూపించే నడక ఒకటి మొదలైందనీ, దానికి గైడ్ నా చిన్ననాటి దోస్తేననీ తెలిసి, పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని కరీంనగర్ నుంచి వెళ్లాను. అందులో కాస్త నా గొప్ప కూడా ఉంది. ఆ పని దొరకగానే వాడు ఫోన్ చేసి, "జర మీ గల్లి ముచ్చట్లు చెప్పురా, నాకేం యాదికి లేవు" అని బతిమాలితే వారం రోజులు చెప్పింది నేనే.

నిజానికి పిల్లకు చూపించాలనుకున్నది ఒక్కటే, మేం ఎప్పుడో అమ్ముకున్న ఇంటి మూడో మెట్టు. గోదావరి పొంగి అక్కడిదాకా వచ్చినప్పుడు మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను సాగనంపినట్టే ఆ నీళ్లకు ఒడిబియ్యం పోసి, "ఇగ అత్తగారింటికి పో బిడ్డా" అందట. తెల్లారేసరికి నీళ్లు దిగాయట. వాన పడ్డప్పుడల్లా నా కూతురు ఆ కథ అడిగి మరీ చెప్పించుకునేది.

గుళ్లు, ఇరుకు గల్లీలు తిప్పి వాడు మమ్మల్ని ఆ మెట్ల ముందు నిలబెట్టాడు. పిల్ల నా వేలు గట్టిగా పట్టుకుంది. వాడు మైకు సర్దుకున్నాడు.

"గీ మూడో మెట్టు మీదనే మా బాపమ్మ గోదారమ్మకు ఒడిబియ్యం పోసింది."

మా బాపమ్మట! పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఆమె అన్న మాట, అన్నీ పొల్లుపోకుండా నేనిచ్చినవే. ఒక్క మనిషినే మార్చాడు. వాళ్ల బాపమ్మ ఆ వరదప్పుడు ఊళ్లోనే లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాను, వీడు ఇల్లే ఎత్తుకుపోయాడు. ఒళ్లు మండిపోయింది. అయినా అంతమందిలో దోస్తు పరువు తీయడమెందుకని నోరు మూసుకున్నాను. ఆ మొహమాటానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

జనం ముందుకు కదిలాక, పిల్లను మెట్ల దగ్గరే ఉంచి, వాణ్ని పక్కకు పిలిచి అడిగితే నవ్వాడు.

"మా ఇంటిదంటేనే మంది చెవి పెట్టి ఇంటరు రా. గింతదానికి పరేషానెందుకు? నీ సొమ్మేం పోయింది?"

ఇంటికని పెద్దపల్లి మీదుగా పోయే బస్సెక్కగానే వాన మొదలైంది. పిల్ల కథ అడగలేదు. నేనే గొంతు సవరించుకుని, "మా బాపమ్మ ఏం చేసిందంటే..." అన్నాను.

అది కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"వద్దు బాపూ. గది గా అంకుల్ వాళ్లది గద. ఇన్నొద్దులు మనదని ఎందుకు చెప్పినవ్?"