ముక్కలు కలిపిన మేష్టారు

మా పై అంతస్తు మేష్టారు గత బుధవారం పోయారు. సింగపూర్ క్లెమెంటిలో మా బ్లాకు లిఫ్టు దగ్గర ఆయన కోడలు చెప్పింది. సాయంత్రానికల్లా మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో, కింద పెద్ద పెద్ద విశేషణాలు. బతికుండగా ఆయన మాట వినని వాళ్లు రాసినవి. అందుకే నేనిది రాస్తున్నాను.

ఆయన జీవితమంతా ప్రోగ్రామింగ్ చెప్పారు. రిటైరయ్యాక నాతో పేకాడేవారు. ముక్కలు నేను కలిపితే ఒప్పుకునేవారు కాదు. "కదిపితే కలిసినట్టు కాదండీ" అని మళ్లీ తనే కలిపేవారు.

సంఘం ఉగాది సభలో ఎవరి ప్రదర్శన ఎప్పుడో కంప్యూటరే తేల్చేది. షిప్‌యార్డు కూలి కుర్రాళ్ల డప్పు ఎప్పుడూ చివరికే పడేది. సెలవు ఖాయమయ్యాక గానీ వాళ్లు పేరివ్వలేరు. జాబితాలో ఆఖర్న చేరేవారు. వాళ్లని తిరిగి తీసుకెళ్లే డార్మిటరీ బస్సేమో సభ అయ్యేదాకా ఆగదు. డప్పులు సంచుల్లోంచి తీయకుండానే వెళ్లిపోయేవారు.

మేష్టారు ఆ ప్రోగ్రాం అడిగి చూశారు. కింది నుంచి పైకి ఒక్కసారి పక్కపక్క పేర్లకు బొమ్మా బొరుసూ వేసి ముందువెనకలు చేస్తోందట. ఆఖరి పేరు మొదటి పందెంలోనే ఓడితే ఇక అక్కడే, గెలిచినా మామూలుగా ఒకటి రెండు మెట్లే.

"కంప్యూటర్‌కి పక్షపాతం ఏముంటుంది అంకుల్?" అని కార్యదర్శి నవ్వాడు.

"దానికి లేదు బాబూ. రాసినవాడికి తొందర ఉంది."

ఆయనే తిరగరాశారు. మొత్తం పేర్లలోంచి ఒకటి తీసి పక్కన పెట్టాలి, మిగిలిన వాటిలోంచి మరొకటి, అలా చివరిదాకా. ఎప్పుడు చేరినా అందరికీ ఒకటే అవకాశం. ఆ ఏడాది కుర్రాళ్లకు రెండో స్థానం వచ్చింది.

సభనాడు విరాళమిచ్చిన వారి అమ్మాయికి ట్యూషనుందని ముందుకు జరిపారు. తర్వాత ఇంకొకరిని. కుర్రాళ్ల వంతు రాకముందే బస్సు టైమైంది. మేష్టారు వేదిక పక్కకెళ్లి అడిగితే అధ్యక్షుడు భుజం తట్టాడు. "మీ ప్రోగ్రాం బాగానే ఉంది మేష్టారూ. మనుషులతో పని మీకు తెలీదు." నేను చరిత్ర చాలానే చదివాను. ప్రతి అన్యాయం పక్కనా ఈ మాట అన్నవాడొకడు ఉంటాడు. మొన్న సంతాప సభలో మేష్టారిని నిష్పక్షపాతి అని పొగిడిందీ ఆ అధ్యక్షుడే.

ఆ రోజు బస్సు దాకా మేమిద్దరం వెళ్లాం. "ఫర్లేదు సార్, వచ్చే ఏడు కొడతాం. వర్క్ పర్మిట్ ఉంటే" అన్నాడొక శ్రీకాకుళం కుర్రాడు.

బస్సు తలుపు మూసుకుంది. కిటికీ పక్కన ఆ కుర్రాడు డప్పు ఒళ్లో పెట్టుకుని వేళ్లతో మెల్లగా వేస్తున్నాడు. అద్దంలోంచి చప్పుడు రాలేదు. మేష్టారు రోడ్డు పక్కన నిలబడి, ఆ వేళ్లనే చూస్తూ తాళానికి తలాడిస్తున్నారు.