మూత లేని డబ్బా

ములకలపల్లి బస్సులో కూర్చుని, పెద్దపేగు పుండ్లకు డాక్టర్ రాసిన మాత్రను టిఫిన్ డబ్బా మూతలో వేసి గ్లాసు అడుగుతో నూరుతున్నాను. అట్లాగే మింగితే గొంతుకు అడ్డం పడుతుందని నా భయం. పక్కసీటు ముసలామె మూత లాక్కుని ఆ పొడిని కిటికీలోంచి పారబోసింది.

"నీకేం పని?" అన్నాను కోపంగా.

"ఇదేమన్న ఆకుపసరా, నూరుతున్నవ్? మందు పేగు దాకా పోవాలనే పైన పూత పెట్టిండ్రు. నూరితే నడుమనే కరిగిపోతది."

"నువ్వేమన్న డాక్టరమ్మవా?"

"కాదు. ఇదే మాత్ర మా ఆయనకు నేనే నూరి పోసిన. పేగుల నెత్తురు ఆగలే. దవాఖానల డాక్టర్ నన్ను తిట్టిన తిట్లే నీకు చెప్తున్న."

ఆ తర్వాత నా మొహం చూడలేదు. అడిగినా మూత ఇవ్వకుండా తన ఊళ్లో దిగిపోయింది. ఇంకో మాత్ర తీసి అట్లాగే మింగాను. అడ్డం పడలేదు.

ఆ డబ్బాకు మళ్లీ మూత కొనలేదు.