పెరటి బావిలో పాత సముద్రం

మొన్న ఫోనులో మీలో ఒకరు నాకు పాఠం చెప్పారు. ఒకప్పుడు మన నెల్లూరు సముద్రం ఇప్పుడున్న చోట లేదట, ఊళ్ల మీదికి ఇంకా లోపలికి ఉండేదట, తర్వాత మెల్లగా వెనక్కి జరిగిందట. "నీకు తెలుసా అవ్వా?" అని అడిగారు. తెలుసు నాయనా. ఆ సముద్రం వెనక్కి పోతూ పోతూ కొంచెం మన పెరట్లో మర్చిపోయింది. దాన్ని పైకి తీసిన ఘనత మీ ముత్తాతది, అంటే మా మామగారిది. మళ్లీ లోపల పెట్టడానికి పడ్డ పాట్లు మావి. మీరంతా తలా ఒక దూరాన ఉన్నారు, ఫోనులో మొదలుపెడితే సగంలోనే ఎవరికో పని తగులుతుంది. అందుకని రాస్తున్నాను.

మన ఊరు బోగోలుకు తూర్పున, ఇసుక దిబ్బ మీద ఉంది. నయాపైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే బేరమాడే రోజులవి. ఊళ్లో బావులు రెండు రకాలు. ఉప్పుగా ఉండేవి, బాగా ఉప్పుగా ఉండేవి. తాగే నీళ్లకు ఆడవాళ్లం సరుగుడు తోపు దాటి చెలమల దగ్గరికి పోవాలి. చెలమ అంటే ఇసుకలో చేత్తో తోడిన గుంట. అందులో ఊరే నీళ్లను కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోసుకోవాలి. బిందె నిండేసరికి ఊరి సంగతులన్నీ అయిపోయి పొరుగూరి సంగతుల్లోకి వచ్చేవాళ్లం. ఎండాకాలం తిరుగుదారిలో ఇసుక కాళ్లను వేయించేది.

నాకు తొలిచూలు. మా అమ్మ లేదు, అత్త నాకు మేనత్తే, కాబట్టి పురుడు కూడా ఆ ఇంట్లోనే. ఐదో నెలలో ఒకరోజు నేను బిందెతో గుమ్మం దగ్గరే కూలబడ్డాను. మా అత్త మామను పట్టుకుంది.

"కడుపుతో ఉండే పిల్ల ఇసకలో బిందెలు మోస్తా ఉంటే, నువ్వు అరుగు మీద కూసోని మీసాలు దువ్వుకో! మన దిబ్బ ఎత్తు మీద ఉండాది, తవ్వితే మంచినీళ్లు పడతాయని పెళ్లైన కాణ్ణించి ఇంటానే ఉండా. ఎప్పుడు తవ్విస్తావు? నా మనవడు కాలేజీకి పోయినాకనా?"

"పురుటికి నీళ్లు పెరట్లోనే తోడతాం. ఇది నా మాట," అన్నాడు మామ. ఆయన మాటంటే మాటే. ఏ మాటో తెలుసుకోవడమే కష్టం.

ఇసుకలో బావి తవ్వితే గోడ నిలవదు. సిమెంటు వరలు దించాలి, వరలంటే గుండ్రటి పెద్ద గాజుల్లాంటివి. అవి కావలి నుంచి బండి మీద వచ్చాయి. మేస్త్రి మనుషులతో వచ్చి, ఇసుక జారకుండా అప్పటికి తడికలు అడ్డం పెట్టి తవ్వించాడు. కొన్ని రోజులకే నీళ్లు పడ్డాయి. మేస్త్రి చెంబుతో తెచ్చి నాకే మొదట ఇచ్చాడు. తాగాను. మన పెరట్లో అంత తియ్యటి నీళ్లు ఉన్నాయా అని కళ్లనీళ్లు వచ్చాయి. అడుగున నల్లటి బంకమట్టి తగిలిందని, అందులో ఏవో చిప్పలున్నాయని, ఇంక ఆపి తెల్లారి వరలు దించేద్దామని మేస్త్రి అన్నాడు.

తెల్లారి వరల కంటే ముందు సారొకాయన దిగాడు.

ఊరి పక్కన ఉప్పుకాలువలో పడవ మీద వచ్చాడాయన. భుజాన సంచీ, నడుముకు సుత్తి, నెత్తిన టోపీ. ఊరూరా తిరిగి బావుల్లోకి తొంగిచూస్తున్నాడని ముందే పుకారు వచ్చింది. బావుల మీద పన్ను వేయబోతున్నారని మన ఊరి పెద్దలకు వెంటనే అర్థమైపోయింది. అందరూ బావుల మీద తడికలు కప్పి, బావులే లేని ఊరిలో పుట్టినట్టు మొహాలు పెట్టారు. మా ఇంట్లో మట్టి కుప్ప వీధిలోకే కనిపిస్తుంటే ఏం కప్పుతారు?

"ఎవురు సామీ మీరు? పన్నేసేదానికొచ్చినారా?" అన్నాడు మామ.

"కాదండీ. మట్టి చూడ్డానికి వచ్చాను."

"మట్టి చూసేదానికి జీతమిస్తారా?"

"ఇస్తారండీ."

మామ మీ తాత వైపు తిరిగాడు. "ఇన్నావా రా? నువ్వు పుట్టిన కాణ్ణించి చూస్తానే ఉండావే, ఒక్కడన్నా ఒక్క అణా ఇచ్చినాడా?"

సారు ఆ నల్లమట్టిని చేత్తో నలిపాడు, వాసన చూశాడు, ఒక పలుకు నాలుక మీద కూడా వేసుకున్నాడు. కడుపుతో ఉన్నది నేను, మట్టి తినేది ఆయన. తర్వాత సంచీలోంచి చిన్న యాసిడ్ సీసా తీసి ఒక ఆలిచిప్ప మీద చుక్క వేశాడు. చిప్ప బుస్సుమని పొంగింది. మామ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఇది ఒకప్పుడు సముద్రం పక్కన మడుగని, ఆ బురదలో ఈ జీవాలు బతికాయని, వేల ఏళ్ల కిందట తీరం మన దిబ్బ దగ్గర ఉండేదని, తర్వాత దాని మీద ఇసుక పేరుకుందని సారు ఓపిగ్గా చెప్పాడు. ఆ మట్టి పొరల బొమ్మ గీసుకోవడానికి ఒకటి రెండు రోజులు వరలు ఆపగలరా అని అడిగాడు.

"ఒకటి రెండేంది సారూ, మీ ఇష్టం!" అన్నాడు మామ. నా ఇష్టం ఎవరూ అడగలేదు. నేను బిందె తీసుకుని చెలమకు పోయాను.

ఆ రోజు నుంచి మామ సేద్యం మానేసి శాస్త్రజ్ఞుడయ్యాడు. సారు దగ్గరున్న సీసా ఇవ్వడు కాబట్టి నిమ్మకాయ పిండి చూశాడు. చిప్ప మీద కొంచెం నురగ వచ్చింది. అంతే, నేను ఊరగాయకు ఉంచిన నిమ్మకాయలన్నీ శాస్త్రానికి అర్పణమయ్యాయి. చుట్టుపక్కల నుంచి జనం వచ్చేవాళ్లు. మామ చిప్ప చూపించి, నిమ్మరసం పిండి, "వేల ఏండ్ల నాటిది, ఇంకా పానముండాది చూడు" అనేవాడు. పానం లేదని సారు రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. వచ్చినవాళ్లకు జ్ఞాపకంగా తలా ఒక మట్టిముద్ద, రెండు చిప్పలు ఇచ్చి పంపేవాడు. ఎదురింట్లో దూదేకుల అక్క ఉండేది. ఆమె భర్త పరుపులు కుట్టేవాడు. ఆ అక్క గంపెడు బంకమట్టి పట్టుకుపోయి పొయ్యి అలికింది. "మీ సముద్రం బాగా అంటుకుంటుండాది పాపా, పగుళ్లే లేవు," అంది.

మామకు ఒక్కటే దిగులు. సారు ఏమీ తినడు. బొమ్మిడాయిల పులుసు చేయిస్తే, చేపలు ముట్టనన్నాడు. చచ్చి వేల ఏళ్లయిన నత్తల కోసం ఊళ్లు తిరుగుతాడు గాని, పొద్దున పట్టిన చేప వద్దట. పెరుగన్నం చాలట. పడక కోసం కొత్త పరుపు కుట్టిస్తానంటే చాప చాలట. ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఏమీ చేయలేకపోతే మన వైపు మగవాళ్లకు నిద్రపట్టదు. "ఏం కావాలో చెప్పండి సారూ," అని మామ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

కృష్ణపట్నం వైపు వెళ్లి వారంలో మళ్లీ వస్తానని పడవ ఎక్కబోతూ, సారు ఊరికే బావిలోకి ఒకసారి చూసి, "ఈ బంకమట్టి కింద ఏముందో తెలిస్తే ఎంత బాగుండేది!" అన్నాడు. అది ఎవరితోనూ అన్న మాట కాదు. మనం ఆకాశం వైపు చూసి వాన పడితే బాగుండు అనుకోమా, అట్లాంటిది.

మామ మొహం వెలిగిపోయింది. సారు కోరిక కోరాడు!

పడవ మలుపు తిరగ్గానే మేస్త్రిని పిలిపించాడు. "సారు వచ్చేలోపల కిందుండేది తీసి ఆయన చేతిలో పెట్టాల."

"నీళ్లు పడినాయి కదా, ఇంకా తవ్వేదేంది?" అంది అత్త.

"నీకు తెలీదు. ఊరుకో."

"నీకు తెలుసా?"

"తెలీకనే కదా తవ్వేది! దాన్నే పరిశోధన అంటారు."

మేస్త్రి నావైపు ఒకసారి, మామవైపు ఒకసారి చూసి, తవ్వమంటే తవ్వుతామన్నాడు. బంకమట్టి తవ్వాలంటే పైనున్న నీళ్లు తోడాలి. వేరుశనగ తోట నుంచి ఆయిలింజను అద్దెకు తెచ్చి పెట్టారు. అది పొగలు కక్కుతూ నా మంచినీళ్లను వీధిలోకి తోసింది. బాతులు ఈదాయి. పిల్లలు దొర్లారు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఆ మంచినీళ్ల కాలువ దాటి, మంచినీళ్ల కోసం చెలమకు పోయాను.

దారిలో దూదేకుల అక్క అడిగింది. "ఏం పాపా, మీ మామ సముద్రంలో ఇంకేం ఎతుకుతుండాడు? ఓడేమన్నా పారేసుకున్నాడా?"

"సారుకు బహుమానం ఇయ్యాలంట అక్కా."

"పంచె పెట్టి పంపచ్చు గదా!"

బంకమట్టి అయిపోయింది. కింద బూడిదరంగు ఇసుక వచ్చింది. మామ ఒక గంపెడు పైకి తీయించి, కొత్త గుడ్డలో కట్టించి, దేవుడి గూటి పక్కన పెట్టాడు. ఇంజను ఆపేశారు. పొద్దున్నే చూస్తే బావిలో నీళ్లు మునుపటి కంటే ఎత్తుకు వచ్చి ఉన్నాయి. "చూసినావా, తవ్వే కొద్దీ ఊరతాయి," అని మామ అత్త వైపు మీసం తిప్పాడు. నేను చేద వేసి తోడి, దోసిట్లో పోసుకుని నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు. చెలమ దారిలో కాలువ నీళ్లుంటాయే, అంత ఉప్పు.

ఆ నీళ్లు చెంబులో పోసి మామ చేతికిచ్చాను. ఆయన తాగి, కొంతసేపు చప్పరించి, "కొంచెం రుచి మారినట్టుండాది" అన్నాడు. అత్త తాగి ఉమ్మేసింది.

"మారింది. ఇంక ఇంట్లోకి ఉప్పు కొనే పనిలేదు. ఆ బిడ్డ పుట్టంగానే ఉప్పులో ఊరేసి జాడీలో పెడదాం. పరిశోధన!"

ఇంటిల్లిపాదీ నవ్వుకోవాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. నేను పెరటిగోడకు ఆనుకుని నా కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. మూడు నాలుగు నెలల్లో పురుడు. బాలింత స్నానానికి నీళ్లు, పిల్లకు నీళ్లు, గుడ్డలకు నీళ్లు. అత్తకు మోకాళ్ల నొప్పులు. ఆ బిందెలు ఎవరు మోస్తారో నాకు తెలుసు.

అన్న ప్రకారం సారు వచ్చాడు. మామ ఇత్తడి పళ్లెంలో ఆ ఇసుకమూటను తాంబూలంలా పెట్టి రెండు చేతులా అందించాడు. "మీరు కోరినారు కదా సారూ. తీసుకోండి."

సారు మూట విప్పి చూశాడు. ముందు కళ్లు మెరిశాయి, అబద్ధం చెప్పను. తర్వాత మొహం మారింది. "బంకమట్టి మొత్తం తవ్వేశారా? నీళ్లు ఎలా ఉన్నాయి?"

నేను చెంబు తెచ్చిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, నావైపు చూశాడు. నా కడుపు వైపు చూశాడు. తల దించుకున్నాడు. కింది ఉప్పునీళ్లు పైకి రాకుండా ఆ బంకమట్టే మూతలా పట్టుకుని ఉందని, తాను ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్నాడు.

"ఆ మట్టే మళ్లీ ఏసి తొక్కితే?" అన్నాను. సారుతో నేను మాట్లాడింది అదే మొదటిసారి.

"చూడొచ్చమ్మా. అదే మట్టి అయితే మేలు."

అదే మట్టి! అది ఊరంతా పంచిపెట్టేసి ఉంది. మరుసటి రోజు మామ తలపాగా చుట్టుకుని, గంప పట్టుకుని, ఇంటింటికీ తిరిగి తన సముద్రాన్ని తిరిగి అడుక్కున్నాడు. కొందరు ఇచ్చారు. కొందరు గోడలు మెత్తేశారు. ఒకాయన కోడికి గూడు కట్టాడు, కోడి పొదుగుతోంది, ఇప్పుడు కుదరదన్నాడు. దూదేకుల అక్క గడపలో నిలబడి, "మా పొయ్యి పగలగొట్టుకోని పోండి అన్నా, మీకంటేనా!" అంది. మామ పగలగొట్టలేదు. చాలనిదానికి కాలువ గట్టు నుంచి బండ్ల మీద మట్టి తోలించాడు. మళ్లీ ఇంజను, మళ్లీ పొగ. సారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మేస్త్రి మనుషులతో పాటు బావిలో దిగి బంకమట్టి తొక్కాడు. పైకి వచ్చాక ఆయన ఎవరో మేస్త్రి ఎవరో తెలియలేదు. వరలు దించారు. ఇసుకలో ఎక్కిన ఉప్పు వానలకే కడుక్కుపోవాలని, కార్తీకం దాకా ఆగి చూడండని చెప్పి సారు పడవ ఎక్కాడు. ఈసారి బావిలోకి తొంగిచూడలేదు, ఏమీ అనలేదు.

"అంతదాకా నీళ్లెవురు తెస్తారు?" అని అత్త పెరటి మధ్యలో నిలబడి అడిగింది. మీ తాత నోరు తెరవబోయాడు. "నువ్వు కాదురా, నీకు సేద్యముండాది. ఈ ఇంట్లో ఎవురికి పని లేదో, ఎవురు మాటిచ్చినారో, వాళ్లు తెస్తారు."

మర్నాటి నుంచి మామ భుజాన కావడి ఎక్కింది. మన ఊళ్లో మగవాడు, అందులోనూ అరుగున్న ఇంటి మగవాడు, చెలమ నీళ్లు మోయడం ఎవరూ చూసి ఉండలేదు. ఆయన వస్తుంటే ఆడవాళ్లు చెంగులు సర్దుకుని లేచి నిలబడేవాళ్లు. కొబ్బరిచిప్పతో ముంచడం చేతకాక సగం ఒలకబోస్తుంటే, దూదేకుల అక్క చిప్ప లాక్కుని, "తప్పుకోండి అన్నా, మీరు సముద్రాలు తోడే మనిషి, చెలమలు మాకొదిలిపెట్టండి" అని తనే నింపేది. దారిలో ఎవరైనా ఇదేంది పెద్దాయనా అంటే చాలు, కావడి భుజం మీదే ఉంచుకుని మడుగు సంగతి, చిప్పల సంగతి, బంకమట్టి మూత సంగతి మొదటి నుంచి చెప్పేవాడు. నీళ్లు ఇంటికి వచ్చేసరికి కాగిపోయి ఉండేవి. స్నానానికి పొయ్యి వెలిగించే పని తప్పిందనేది అత్త.

వానలకు ముందే నా పెద్దపిల్ల పుట్టింది. దాని మొదటి స్నానం నుంచి ప్రతి స్నానం మామ మోసుకొచ్చిన నీళ్లతోనే. ఒక్కరోజు నాగా పెట్టలేదు. అది మాత్రం వెక్కిరింపు లేకుండా చెబుతున్నాను.

కార్తీకంలో ముసురు పట్టి పట్టి విడిచింది. ఒక పొద్దున అత్త బావి నీళ్లతో ఎసరు పెట్టి కందిపప్పు వేసింది. ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు, గంటలు కాగినా పలుకుగానే ఉంటుంది. నేను పిల్లను ఒళ్లో వేసుకుని పొయ్యి ముందే కూర్చున్నాను. పొంగు వచ్చింది. అత్త గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. మెత్తగా నలిగింది. ఇంకొకటి నొక్కింది. అదీ నలిగింది.

అప్పుడే మామ కావడితో పెరట్లోకి వచ్చాడు, రొప్పుతూ.

"ఇంక దించు," అంది అత్త.

ఆయన దించలేదు. పొయ్యి వైపు చూశాడు, బావి వైపు చూశాడు. "పోయిందా సముద్రం?"

"పోయింది. మళ్లీ పిలవబాకు."