ఎదురు ఫ్లాట్ లెనాపే మామ్మ

నిన్న సింగపూర్లో, తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే టాంపినీస్ హాకర్ సెంటర్లో ఎవరో ఉడికించిన సముద్రపు నత్తల పళ్ళెం నా పక్కనుంచి పట్టుకెళ్తుంటే, ఆ ఉప్పు, బురద, మిరపకారం కలిసిన వాసన నన్ను జుట్టు పట్టుకుని పాతికేళ్ళ పైచిలుకు వెనక్కి ఈడ్చుకెళ్ళి, పన్నెండో అంతస్తు వరండాలో కూలేసింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ గుండె ఆగి చస్తాయనీ, వాటికి ప్రాణం పోయడానికే మా నాన్నను కాకినాడ నుంచి పిలిపించారనీ బడంతా చాటాను. తంజోంగ్ పగార్ ఆఫీసులో ఆయనది వందల కుర్చీల్లో ఒక కుర్చీ. అమ్మదీ అంతే. "ఒసేయ్, ఇది పారేసుకున్నావో, వీపు విమానం మోత మోగుద్ది," అని నా మెడలో తాళంచెవి వేలాడదీసి ఇద్దరూ రైలెక్కేవారు. బడినుంచి వచ్చాక రాత్రి ఏడు దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. అది గుర్రుమంటే నేను ఊఁ కొట్టేదాన్ని.

ఎదురు ఫ్లాట్లో ఒంటరిగా ఒక మలయ్ ముసలావిడ ఉండేది. నెనెక్ అని పిలిచేదాన్ని, అంటే మామ్మ. తలుపు చప్పుడైతే చాలు, "సుదా మకాన్?" అనేది, తిన్నావా అని. తిన్నానన్నా పెట్టేది. పండక్కి కొబ్బరాకు బుట్టల్లో ఉడికించిన అన్నం, మామూలు రోజుల్లో పిన్నీసుతో పొడిచి లాగే నత్తలు. ఆ నత్తల సంగతి శాకాహారి అయిన మా అమ్మకు ఇది చదివాకే తెలుస్తుంది.

నెనెక్ పుట్టింది ఒక దీవిలో, నీళ్ళమీద నిలబడ్డ కర్రల ఇంట్లో. ఆటు సమయంలో బురదలో కాలివేళ్ళతో తడిమి నత్తల్ని పట్టేదట. అందర్నీ ఖాళీ చేయించి ఫ్లాట్లిచ్చారు. తరవాత ఆ దీవిని పక్క దీవులతో కలిపేసి జురాంగ్ ఐలాండ్ అన్నారు. కింద అలల చప్పుడు లేకపోతే ఆవిడకు మధ్యాహ్నం కునుకు పట్టదు. అందుకని బకెట్లోకి కుళాయి చుక్కచుక్కగా వదిలి పడుకునేది. పక్కనే నేనూ పడుకునేదాన్ని. ఫ్రిజ్జు కన్నా ఆ చుక్కలు బాగా మాట్లాడేవి.

బళ్ళో చీటీలు తీసి పాతకాలపు మనుషుల గురించి ప్రసంగించమన్నారు. నాకు లెనాపే స్త్రీ వచ్చింది. తెల్లవాళ్ళ ఓడలు దిగకముందు నుంచీ అమెరికా తూర్పుతీరంలో ఉన్న జాతి. లైబ్రరీ పుస్తకంలో ఆమెకు దక్కినవి నాలుగే వాక్యాలు: మొక్కజొన్న చేలు ఆమెవి, ఇల్లు ఆమెది, తీరంలో ఆలుచిప్పలు ఏరేది, తరవాత నేల పోయింది. నాలుగు వాక్యాలతో పది నిమిషాలు మాట్లాడాలంటే నావల్ల కూడా కాదు. అందుకని నెనెక్‌ను అమెరికా పంపేశాను.

మా వాళ్ళకు సెలవు దొరకలేదు. హాల్లో ముందు వరసలో ఒక కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను. సింగపూర్లో అలా జాగా పట్టిన కుర్చీ జోలికి పులి కూడా రాదు. నెనెక్ నీలం పట్టు బాజూ వేసుకుని వచ్చి కూర్చుంది. నేను మొదలుపెట్టాను: లెనాపే స్త్రీ కాలివేళ్ళతో నత్తల్ని పట్టేది, నేల పోయాక బకెట్లో నీటిచుక్కలు వింటూ పడుకునేది... "ఆ కాలంలో కుళాయి ఎక్కడిది లా!" అని వెనకనుంచి ఎవరో సింగపూర్ యాసలో అరిస్తే హాలంతా నవ్వింది. నెనెక్ నవ్వలేదు. ఆవిడ బతుకు దొంగిలించి దొరికిపోయాను. ఇక ఆ తలుపు నాకు తెరుచుకోదనుకున్నాను.

తిరిగొస్తూ లిఫ్టులో, వచ్చిన ముక్కల ఇంగ్లీషులో అడిగింది.

"ఆ అమ్మాయి మళ్ళీ ఇంటికెళ్ళిందా?"

పుస్తకంలో ఐదో వాక్యం లేదు.

"వెళ్ళింది నెనెక్."

లిఫ్టు పన్నెండో అంతస్తులో ఆగింది. తలుపు తాళం తీస్తూ అంది: "సుదా మకాన్?"

గోరంతను కొండంత చేసి బతికేదాన్ని. ఆ ఒక్క మాటే నేనాడిన అతి చిన్న అబద్ధం. లెనాపేలను పడమటికి తరుముతూనే పోయారని తరవాతెప్పుడో చదివాను. మరుసటేడు నాన్న కాంట్రాక్టు అయిపోయి మేం వెళ్ళిపోయాం. ఇన్నేళ్ళకు సింగపూర్ వచ్చి, నిన్న హాకర్ సెంటర్ కన్నా ముందు అక్కడికి వెళ్తే, ఆ తలుపు ఎవరో కుర్ర దంపతులు తీశారు. నెనెక్ పేరే వినలేదన్నారు. దీవి ఉన్నచోట నూనె ట్యాంకులు.

హాకర్ సెంటర్లో నత్తలు నేనూ తెచ్చుకున్నాను. ఎదుటి కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను. జనం కిక్కిరిసి ఉన్నారు.

"ఆంటీ, ఎవరైనా వస్తున్నారా?" అంది పళ్ళెం పట్టుకున్న ఒకమ్మాయి.

ఆంటీ అన్నందుకు కోపం రావాల్సింది. రాలేదు.

"వస్తోంది," అన్నాను.