వెనక్కి రావలసిన ఆఖరి దిండు

మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా తిరువూరు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, అత్తమ్మ వెళ్ళిపోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేనుండేది విస్సన్నపేట. చొక్కా కూడా మార్చుకోకుండా మొదటి బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి మా వియ్యపురాలిని ముందు గదిలో, కుట్టు మిషన్ జరిపి ఆ చోటులోనే పడుకోబెట్టారు. కొంతకాలంగా గుండె బాగాలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నాడు.

సంఘం పత్రికలో ఆవిడ గురించి రాయమని పాస్టరు గారు నన్నడిగారు. నేను చదివింది ఏడో తరగతి. బతుకంతా మామిడి తోటల్లో కాయలు కోయడం, గడ్డి పరిచి పెట్టెలు కట్టడం. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇంకో మాట ముందే చెబుతున్నాను. చావు గురించి రాస్తూ ఈ ముసలాడు ఇంత సంతోషపడుతున్నాడేంటని మీకనిపించవచ్చు. ఏడ్చాను, ఏడవలేదని కాదు. కానీ నా కూతురికి దేవుడు ఎలాంటి అత్తగారిని ఇచ్చాడో తలుచుకుంటే ఏడుపు వెనకాలే నా గుండె నిండి పొంగిపోతోంది. దాన్ని దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

ఆవిడ, మా అమ్మాయి కలిసి ఆవాల దిండ్లు కుట్టేవాళ్ళు. పసిబిడ్డ తల గుండ్రంగా కుదురుకోవాలని ఆవాలు పోసి కుట్టే చిన్న దిండు, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. వాళ్ళ పేటలో ఎవరు నీళ్ళోసుకున్నా ఆవిడే కుట్టి ఇచ్చేది. మా అమ్మాయి కోడలిగా వచ్చాక వాటికి ఫోటోలు తీసి ఫోనులో ఒక యాప్‌లో అమ్మకానికి పెట్టింది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఆర్డర్లు రావడం మొదలైంది. దాంతోపాటే వెనక్కి రావడం కూడా.

తిరిగొచ్చిన పార్సిళ్ళు చూస్తే మీకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. దిండును బకెట్లో నానబెట్టి ఉతికి, ఆవాలు ఉబ్బిపోయి వాసనొస్తుంటే 'సరుకు బాగాలేదు' అని పంపినవాళ్ళున్నారు. ఎలుక కొరికిందాన్ని పంపినవాళ్ళున్నారు. కొత్తది ఉంచుకుని ఇంట్లో పాత దిండు పెట్టి పంపిన మహాతల్లి కూడా ఉంది. మా అమ్మాయికి ఒళ్ళు మండిపోయేది. మా వియ్యపురాలు మాత్రం తీరిగ్గా చేట తెచ్చుకుని, గడపలో వెలుతురుకు కూర్చుని, తిరిగొచ్చిన ప్రతిదాన్నీ కుట్టు విప్పి చేటలో పోసి చూసేది. "తిరిగొచ్చిన వస్తువు మనల్ని తిట్టడానికి రాలేదమ్మాయ్, ఏదో చెప్పడానికొచ్చింది" అనేది.

ఒక బిడ్డ ఇంటి నుంచి వచ్చిన దిండును ఇంకో బిడ్డకు అమ్మేది కాదు, పైన మచ్చ లేకపోయినా సరే. ఆ ఇంట్లో ఏ జ్వరం ఉందో మనకేం తెలుసు అనేది. ఆ ఆవాలు వంటకూ వాడనిచ్చేది కాదు. ఒకసారి ఎదురింటావిడ వచ్చి, ఊరికే పారబోసే ఆవాలే కదా, దిష్టి తీయడానికి ఇవ్వమని అడిగింది. "వీటికి ఏ ఊరి దిష్టి తగిలి వచ్చిందో నాకే తెలీదు వదినా, నీకెలా ఇచ్చేది" అంది మా వియ్యపురాలు. ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ వానల ముందు, నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజునే, ఒక దిండు వెనక్కి వచ్చింది. నీలం పూల గుడ్డది. ఒక పక్క కుట్టంతా విడిపోయి ఉంది. ఆ తల్లి రాసిన మెసేజ్ మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. రాత్రి దిండు విడిపోయి ఆవాలు పక్కంతా పడ్డాయట. ఒక గింజ బిడ్డ ముక్కులోకి పోయిందట. డాక్టరు తీశాడు, బిడ్డ క్షేమం. పార్సిల్ కట్టేటప్పుడు మా అమ్మాయి తీసిన వీడియో దాని ఫోనులో ఉంది. అందులో దిండు అన్ని వైపులా తిప్పి చూపించింది, కుట్టు శుభ్రంగా ఉంది. ఆ వీడియో యాప్ వాళ్ళకు పంపితే తప్పు మన మీద పడదు, షాపుకు మచ్చ రాదు. పంపడానికి సిద్ధమైంది కూడా.

మా వియ్యపురాలు ఆగమంది. దిండును ఒళ్ళో పెట్టుకుని, విడిపోయిన చోట వేలాడే దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. పుటుక్కున తెగింది. మళ్ళీ ఇంకో చోట లాగింది. అక్కడా తెగింది. ఆవిడ లేచి కిటికీ దగ్గరకెళ్ళి, ఊచల పక్కనున్న దారం రీలు తీసి, దాని దారం లాగింది. అదీ అంతే.

మా ప్రాంతం ఎండలు మీకు తెలియనివి కావు. వేసవి పొడుగునా ఆ రీలు కిటికీలో ఎండకు మాడింది. పైకి తెల్లగా నిగనిగలాడుతూనే ఉంది, లోపల సత్తువ పోయింది. లోపలి సంచీ, పై గుడ్డా రెండూ ఆ దారంతోనే కుట్టింది.

"అక్కడ పెట్టింది నేనే. కుట్టిందీ నేనే. ఆ బిడ్డ తల్లి అబద్ధం చెప్పలేదు" అంది ఆవిడ. తర్వాత, ఆ నీలం పూల గుడ్డవన్నీ ఆ రీలుతోనే కుట్టానని, అన్నింటినీ వెనక్కి పిలవమని చెప్పింది.

అన్నీ ఒక్కసారి వెనక్కి వస్తే యాప్ వాళ్ళు షాపు మూసేస్తారని మా అల్లుడు మెల్లిగా అన్నాడు. అతను బడి వ్యాను నడుపుతాడు, ఆ ఇంటికి రెండో ఆధారం ఈ దిండ్లే. మా అమ్మాయి కళ్ళ నీళ్ళతో అడిగింది, "అత్తమ్మా, మిగతావి తెగకపోతే? ఊరికే మన చేతులతో మనమే షాపు మూసుకున్నట్టవదూ?"

"పసిబిడ్డకు నోరు లేదమ్మాయ్. కుట్టే చెయ్యే దాని నోరు. మన నోరు మనం మూసుకుంటే ఇంకెవరు చెబుతారు?"

అంతే అంది. గదమాయించలేదు, బతిమాలలేదు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టింది. దిండు వెంటనే బిడ్డ కింద నుంచి తీసేయండి, తప్పు మాదే, వెనక్కి పంపండి అని. ఎవరూ దాని చెయ్యి పట్టుకుని చేయించలేదు.

దిండ్లు రావడం మొదలైంది. యాప్ వాళ్ళు షాపు ఆపేశారు. ఇప్పటికీ తెరవలేదు. తెరుస్తారేమో చూడాలి. మా వియ్యపురాలు ఆ రోజుల్లోనే మంచం పట్టింది. గడపలో కూర్చునే ఓపిక లేక మంచం మీదకే చేట తెప్పించుకునేది. వచ్చిన ప్రతి దిండునూ లాగి చూసేది. కొన్ని తెగాయి, కొన్ని తెగలేదు. వీధిలో బండి చప్పుడైతే చాలు, "వచ్చిందా?" అని అడిగేది.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

అది విజయవాడ అడ్రసు. ఎన్ని మెసేజ్‌లు పెట్టినా జవాబు లేదు. కొన్నవాళ్ళ ఫోను నంబర్లు యాప్ వాళ్ళు మనకివ్వరు. మా వియ్యపురాలికి తిండి సయించడం మానేసింది. ఒకరోజు నన్ను చూసి, "అన్నయ్యగారూ, ఆ దిండు మీద ఇప్పుడు ఎవరి బిడ్డ పడుకుందో" అంది.

మర్నాడు మా అమ్మాయి, నేను పొద్దున్నే విజయవాడ బస్సెక్కాం. అడ్రసు పట్టుకుని వెళితే ఇంటికి తాళం. పక్క వాటా ఆవిడ బయటికొచ్చి ఎవరు కావాలంది. సంగతి చెప్పాం. ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది. "ఆ అమ్మాయి ఇక్కడెందుకుంటుందండీ? పురిటికి పుట్టింటికి వెళ్ళింది, ఇంకా రాలేదు. మీ పార్సిల్ ఆ అబ్బాయే అక్కడికి పట్టుకెళ్ళాడు, ఇప్పుడు కూడా చూడ్డానికే వెళ్ళాడు. రెడ్డిగూడెం వాళ్ళది" అంది.

చూశారా. మేము దిండు పంపింది అత్తింటికి, బిడ్డ ఉన్నది పుట్టింట్లో. తొలి కాన్పు పుట్టింట్లో అని మనలో తెలియనిదెవరికి? అయినా మా బుర్రలకు తట్టలేదు. మా పక్క ఊళ్ళో ఉన్న బిడ్డ కోసం మేము విజయవాడ దాకా వెళ్ళాం. వెంటనే మైలవరం మీదుగా తిరుగు ప్రయాణం. బస్సు ఎక్కడ ఆగినా మా అమ్మాయి కిటికీలోంచి తల బయటికి పెట్టి ముందుకు చూసేది, అలా చూస్తే బస్సు తొందరగా కదులుతుందన్నట్టు.

రెడ్డిగూడెంలో ఆ ఇల్లు దొరికేసరికి పొద్దు వాలింది. వాకిట్లో బాలింత తల్లిగారు ఎదురైంది. ఆవిడకు మెసేజ్‌ల గొడవేమీ తెలియదు. బాలింత కళ్ళకు మంచిది కాదని కూతురి ఫోను తీసి బీరువాలో పెట్టిందట. మేము చెప్పింది విని నడుము మీద చేతులు పెట్టుకుంది. "అమ్మినవాళ్ళే వెనక్కి ఇమ్మంటున్నారా? బాగుంది. రేపు ఉయ్యాల అమ్మినవాళ్ళు కూడా వస్తారేమో, బిడ్డను కింద పడుకోబెడతాంలే" అంది. మా అమ్మాయి ఎదురు చెప్పలేదు. "అమ్మా, ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం" అంది. ఆ గొంతులో ఏముందో, ఆవిడ పక్కకు జరిగింది.

బిడ్డ మంచం మీద నిద్రపోతోంది. తల కింద నీలం పూలు. దిండు చివర కుట్టు నోరు తెరవడం మొదలైంది. గింజలు ఇంకా బయటికి రాలేదు. బిడ్డను లేపొద్దు, ఇప్పుడే పడుకుందని బాలింత గుసగుసగా అంది. లాగితే తెగుతుంది, తెగితే బిడ్డ మొహం మీదే.

మా అమ్మాయి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ చెయ్యి మెల్లిగా బిడ్డ తల కిందికి పోనిచ్చింది. వెంట్రుకంత, వెంట్రుకంత. తల మొత్తం దాని అరచేతిలోకి వచ్చాక, రెండో చేత్తో దిండును పక్కకు జరిపి నాకందించింది. బిడ్డ మూతి ఒకసారి చప్పరించి మళ్ళీ నిద్రలోకి జారింది.

దిండు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. బాలింత తల్లి నా వెనకే వచ్చింది. ఆవిడ చూస్తుండగా పట్టి లాగాను. గట్టిగా లాగే పని కూడా పడలేదు. ఆవాలన్నీ నా పాదాల మీదుగా జలజలా కారిపోయాయి. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుంది. కాసేపటికి లోపలికెళ్ళి మాకు మంచినీళ్ళు తెచ్చింది.

మీరు నమ్మండి, ఆ వాకిట్లో నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇంత సంతోషం నా పెళ్ళిలో లేదు, నా బిడ్డ పుట్టినప్పుడు కూడా లేదు. నా కడుపున పుట్టిన పిల్లే, కానీ ఆ మోకాళ్ళ మీద కూర్చోవడం నేను నేర్పింది కాదు. అది మా వియ్యపురాలు నేర్పింది. గదమాయించకుండా, బతిమాలకుండా.

గదిలోకి వచ్చి తల ఊపాను. మా అమ్మాయి ఒక చెయ్యి బిడ్డ తల కిందే ఉంచి, రెండో చేత్తో ఇంటికి ఫోను చేసింది. "అత్తమ్మా, దొరికింది. బిడ్డ బాగుంది. పడుకుంది" అంది గుసగుసగా.

అవతల ఆవిడ ఆయాసం నాకు వినిపించింది. ఏమందో మాత్రం వినపడలేదు. రెడ్డిగూడెంలో నిద్రపోతున్న బిడ్డ లేస్తుందేమోనని, తిరువూరులో మంచం మీదున్న మా వియ్యపురాలు కూడా గొంతు తగ్గించి గుసగుసగానే మాట్లాడుతోంది.